పిల్లి తిన్న కుక్కగొడుగులు

నేను కాపురానికి వచ్చిన ఏడు, వానాకాలంలో, మా అత్తగారింటి పిల్లి ఖాళీ గోడను చూడడం మొదలుపెట్టింది.

బోధన్ నుంచి రెంజల్ పోయే దారిలో, నిజాంసాగర్ కాలువ పిల్లకాలువలుగా చీలే చోట ఉండేది ఆ ఊరు. తొంభైల మొదట్లోని మాట. నేను పుట్టి పెరిగింది నిజామాబాద్ పట్టణంలో. ఇరుకు గల్లీ, పక్కింటి రేడియో, సైకిల్ గంటలు, వీటి మధ్యనే నాకు నిద్ర పట్టేది. ఈ ఊళ్లో చలికాలం బాగానే ఉండేది. చెరకు బండ్లు, ట్రాక్టర్లు, బెల్లం బట్టీల పొగ, ఊరంతా కమ్ముకునే తీపి వాసన. వానాకాలం వచ్చేసరికి అన్నీ ఆగిపోయేవి. ఇంటి చుట్టూ చెరకు మనిషెత్తు లేచి, ఆకుల మీద ముసురు పడే చప్పుడు తప్ప ఇంకేమీ వినబడేది కాదు. ఆ చప్పుడు ఎవరో దూరంగా గుసగుసలాడుతున్నట్టు ఉండేది.

ఇంట్లో మేం ముగ్గురం. నా భర్త లారీ నడిపేవాడు. నాందేడ్ వైపు పోయాడంటే ఎప్పుడొస్తాడో చెప్పలేం. మిగిలేది నేను, మా అత్తమ్మ. మామ నా పెళ్లికి ముందటి వానాకాలంలో పోయాడు. కాలువ మీద లస్కరు పని ఆయనది. తూము తలుపులు ఎత్తడం, దించడం, గట్టు తెగకుండా చూసుకోవడం. ఒక సాయంత్రం ముసురులో గట్టు మీదికి పోయినవాడు తిరిగి రాలేదు. కాలు జారి ఉంటుందన్నారు. కింది ఊరి తూము దగ్గర దొరికాడు. నీళ్లలో నానిన మనిషిని ఇంటి ఆడమనిషికి చూపించొద్దని పెద్దమనుషులు ముఖం మీద బట్ట కప్పే తెచ్చారట, కప్పే తీసుకుపోయారట. అత్తమ్మ ఒక్కసారి బట్ట తీయమని అడిగిందట. ఎవరూ తీయలేదు. ఆమె ఆనాడు ఏడవలేదని, ఆ తర్వాత కూడా ఏడవగా ఎవరూ చూడలేదని పక్కింటి అవ్వ నాతో అంది.

ఏడాది తిరగకముందే ఇంట్లో శుభకార్యం జరగాలని మా పెళ్లి చేశారు. నేను వచ్చేనాటికి అత్తమ్మ మాట్లాడడం దాదాపు మానేసింది. పొద్దంతా గుమ్మం దగ్గర ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టేది. ఏదన్నా అడిగితే తల ఊపేది. మొదట్లో నా మీద కోపమేమో అనుకున్నాను. తర్వాత తెలిసింది, ఆమె కొడుకుతో కూడా అంతే. పిల్లితో మాత్రం ఎప్పుడన్నా ఒక మాట అనేది. "ఏమే, తిన్నవా?" అనో, దగ్గరికి పిలుస్తూ "తానకు రా" అనో.

బూడిదరంగు మీద నల్ల చారలున్న ఆడపిల్లి అది. చిన్న కూనగా తూము దగ్గర వణుకుతుంటే మామ కండువాలో చుట్టుకుని తెచ్చాడట. ఆయన మంచం మీదే పడుకునేదట. ఆయన పోయాక ఆ మంచాన్ని కొట్టంలో నిలబెట్టారు. నడిమింట్లో అది ఉన్న చోటు అలాగే ఖాళీగా వదిలేశారు. వెనక సున్నం గోడ మీద మామ తల ఆనించి ఆనించి ఏర్పడ్డ నూనె మరక ఒకటి, సోరకాయంత, మిగిలిపోయింది.

ఒక మధ్యాహ్నం నేను పొయ్యి ముందు కూర్చుని రొట్టెలు చేస్తున్నాను. బయట సన్నగా వాన. ఎందుకో వెనక్కి తిరిగి చూశాను. పిల్లి ఆ ఖాళీ చోటికి ఎదురుగా, ముందుకాళ్లు దగ్గరగా పెట్టుకుని కూర్చుని ఉంది. దాని కళ్లలో పచ్చదనం లేదు. రెండూ నల్లగా, నిండుగా, నూనె పోసిన గిన్నెల్లా ఉన్నాయి. అది మరకను చూస్తోంది. చూస్తూ చూస్తూ మెల్లగా తల పైకెత్తింది. కూర్చున్న మనిషి లేచి నిలబడుతుంటే ఎదుటివాళ్ల చూపు ఎలా పైకి లేస్తుందో అలా. తర్వాత దాని చూపు గోడ వెంబడి పక్కకు జరిగింది. మనిషి తల ఎంత ఎత్తున ఉంటుందో అంత ఎత్తులోనే, అంత నెమ్మదిగానే, గుమ్మం దాకా వచ్చి ఆగింది. మెడ మీది బొచ్చు నిక్కపొడుచుకుంది. ఒక ముందుకాలు ఎత్తి, నీళ్లలో దింపబోతున్నట్టు, గాలిలోనే పట్టుకుంది.

అత్తమ్మ చేతిలో కత్తెర ఆగిపోయింది.

"అచ్చిండు," అంది.

నాకు అర్థం కాలేదు. "ఎవరత్తమ్మా?"

"మీ మామ. దాని కండ్లు సూడు. ఉత్తగనే ఎవలన్న గట్ల జూస్తరా?"

పెనం మీద రొట్టె మాడుతున్న వాసన వస్తున్నా నేను కదల్లేకపోయాను. పిల్లి కాసేపు అలాగే ఉండి, అడుగులు తడబడుతూ మూలకు పోయి, చచ్చినట్టు పడి నిద్రపోయింది. సాయంత్రానికి లేచి మామూలుగానే పాలు తాగింది.

అది అంతటితో ఆగితే మరిచిపోయేదాన్నేమో. ముసురు పట్టినప్పుడల్లా మళ్లీ అదే. ఎండ కాసిన రోజుల్లో పిల్లి మామూలు పిల్లి. ఎలుకల వెంట పడేది, నా కాళ్లకు రాసుకునేది. వాన పడ్డ మర్నాడు మాత్రం వచ్చి గోడ ముందు కూర్చునేది. అత్తమ్మ దానికీ ఒక కారణం చెప్పింది. "వానవడ్డప్పుడే గదా ఆయనకు గట్టు మీద పని. పని మీద వచ్చి ఇటు తిరుగుతుండు."

ఆ ఖాళీ చోట ఆమె పీట వేసింది. చెంబుతో నీళ్లు పెట్టింది. పక్కన ఒక బీడీ, అగ్గిపెట్టె. పిల్లి తల ఎత్తగానే గోడతో మాట్లాడేది. "కాలువ నిండిందా? కాళ్లకు అంత బురదేంది, కడుక్కోరాదు?" గొంతులో భయం లేదు, దిగులు లేదు. పొలం నుంచి వచ్చిన మనిషిని పలకరించినట్టే ఉండేది. ఆ పలకరింపు వింటుంటే నాకు వీపు మీద చల్లటి చెయ్యి వేసినట్టయ్యేది.

అయితే ఒకటి చెప్పాలి. అత్తమ్మ ఆ రోజుల్లోనే మనిషి అయింది. తలకు నూనె పెట్టుకుంది. కడుపునిండా తినడం మొదలుపెట్టింది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మామ సంగతులు చెప్పేది. పెళ్లయిన కొత్తలో ఆయన ఆమెను సైకిల్ మీద నిజాంసాగర్ కట్ట చూపించడానికి తీసుకుపోయిన సంగతి, దారిలో టైరు పంచరై ఇద్దరూ నడిచిన సంగతి. చెబుతూ నవ్వేది. ఆ నవ్వు చూస్తే నాకు సంతోషంగా ఉండేది, ఆ నవ్వు ఎక్కడి నుంచి వస్తోందో గుర్తొచ్చి మళ్లీ భయమేసేది.

నా భర్త ఇంటికొచ్చినప్పుడు చెప్పాను. పెద్దగా నవ్వాడు. "పిల్లికి గోడ మీద బల్లి కనవడ్డదేమో. నువ్వు పట్నం దానివి, అన్నిటికి భయపడ్తవ్." మర్నాడు పొద్దున వాన వెలిసింది. పిల్లి వచ్చి కూర్చుంది. తల పైకెత్తింది. అత్తమ్మ, "కొడుకచ్చిండు, సూడు," అని గోడకు చెప్పింది. నా భర్త ముఖంలో నవ్వు ఎండిపోయింది. చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి పోయి రోడ్డు మీద నిలబడ్డాడు. నేను వెనకే పోయాను.

"అవ్వ గిట్ల మాట్లాడంగ విని ఏడాదాయె," అన్నాడు తల్లి గురించి.

ఇంటి వెనక పెంటకుప్ప ఉండేది. పశువుల పేడ, దాని పక్కనే పొయ్యిలోకి బట్టీ నుంచి తెచ్చి పోసిన చెరకు పిప్పి. వానకు రెండూ కలిసి మురిగి, ఎప్పుడూ సన్నగా ఆవిరి పొగలా లేస్తుండేది. ఒక పొద్దున తడవని పిప్పి ఏమన్నా దొరుకుతుందేమోనని అటు పోయాను. కుప్ప మీద రాత్రికి రాత్రే గొడుగులు లేచాయి. సన్నటి పొడుగు కాడలు, బూడిదరంగు టోపీలు. వాటి మధ్య మా పిల్లి. తల పక్కకు వంచి, కళ్లు మూసుకుని, గడ్డి కొరికినట్టు ఒక టోపీ అంచును కొరుకుతోంది. ఆకలితో తిన్నట్టు లేదు. ఎవరో చెప్పిన పని చేస్తున్నట్టు ఉంది.

నేను ఒకటి తెంపాను. నా వేళ్లు ఒత్తిన చోట తెల్లటి కాడ మీద నీలం తేలింది. దెబ్బ తగిలిన ఒళ్లు కమిలినట్టు. చూస్తుండగానే ముదిరింది. కింద పడేయాలనుకున్నాను కానీ వేళ్లు విడవలేదు.

పిల్లి కుప్ప దిగి నడిచింది. మొదట మామూలుగానే. కొట్టం దాటాక దాని అడుగులు మారాయి. నేల ఎంత లోతున ఉందో తెలియనట్టు ఒక్కో కాలు పైకెత్తి దింపుతోంది. గడప దాటి లోపలికి పోయింది. నేను అలాగే వెనక తలుపు దగ్గర నిలబడిపోయాను.

లోపలి నుంచి అత్తమ్మ గొంతు వినబడింది. "అచ్చిండు."

అప్పటికప్పుడు పోయి చెప్పొచ్చు. చేతిలో గొడుగు ఉంది, చూపించొచ్చు. కానీ లోపల ఆమె అప్పటికే మాటల్లో పడింది. నేను గొడుగును కొంగు చివర ముడేసుకున్నాను.

పక్కింటి అవ్వకు చూపించాను. ఆమె ముట్టుకోలేదు. "కుక్కగొడుగులు. మనం దినేటియి గావు. పుట్టల మీద లేస్తయే తెల్లగ, గవి పుట్టకొక్కులు, గవి దింటం."

"మా పిల్లి దింటున్నదవ్వా."

"దానికేమైతది? నోరులేని జీవానికి ఏది మంచిదో ఏది షెడ్డదో పుట్టంగనే ఎర్కుంటది."

ఆ మాటతో నాకు నమ్మకం కుదరలేదు. నా భర్తను ఒప్పించి పిల్లిని గంపలో పెట్టి, పైన గుడ్డ కట్టి, బోధన్ పశువుల దవాఖానకు తీసుకుపోయాం. అక్కడ అన్నీ బర్రెలూ ఎడ్లే. పిల్లిని తెచ్చిన మమ్మల్ని చూసి అందరూ నవ్వారు. డాక్టరు నవ్వలేదు. గొడుగును కాగితంలో తిప్పి తిప్పి చూశాడు. పిల్లి కళ్లు, చిగుళ్లు, కడుపు చూశాడు.

"ఇది ఏ రకమో నేను చూసి చెప్పలేనమ్మా," అన్నాడు. "పేడ మీద లేచేవాటిలో దిమాక్‌కు ఎక్కేవి ఉంటయ్. అవి తింటే లేనివి కనబడ్తయ్, దిక్కు తెల్వకుంట తిరుగుతయ్. మీ పిల్లి చేసేది అదే కావచ్చు."

"దానికి ఎర్కుంటది గద సార్, ఏం తినాలెనో?" అని నా భర్త అడిగాడు.

"ఉండదు. వాసన నచ్చితే తింటది. పట్నంల డబ్బలల్ల అమ్మే తెల్లవి ఉంటయ్ చూడుండ్రి, అవి ఉప్పుకారం లేకుంట ఒక ముక్క తింటే ఏం కాదు. బయట లేచినవి ఒక్కటి గూడ తిననియ్యద్దు. ఇయ్యాల తింటే ఏం కాలేదు కదా అనుకోవద్దు. కొన్ని తిన్న జరసేపట్లనే పడగొడ్తయ్. కొన్ని ఉంటయ్, తిన్నంక వాంతులై, తగ్గి, మంచిగైనట్టే తిరుగుతది. లోపల కార్జం మాత్రం కరిగిపోతుంటది. అప్పుడు తెస్తే నేను చేసేది ఏం ఉండదు."

బస్సులో గంప నా ఒళ్లోనే పెట్టుకున్నాను. గుడ్డ కింద పిల్లి వెచ్చగా కదులుతోంది.

"అవ్వకు ఎట్ల జెప్పాలె?" అన్నాడు నా భర్త.

చివరికి ఏమీ చెప్పకుండా కుప్పే ఎత్తేద్దామనుకున్నాం. ఆయన మర్నాడే బండి కట్టించి పేడా పిప్పీ మొత్తం ఒక రైతు పొలంలోకి తోలించాడు. ఆ చోటు పార పెట్టి గీకి, బూడిద చల్లి, తన లారీ మీద వెళ్లిపోయాడు. నేను వెనక తలుపుకు గొళ్లెం పెట్టి, పిల్లిని ఇంట్లోనే ఉంచాను.

మళ్లీ ముసురు పట్టింది. అత్తమ్మ పీట వేసింది, చెంబు పెట్టింది. పిల్లి పొయ్యి పక్కన ముడుచుకుని పడుకుంది. ఆమె దాన్ని ఎత్తి గోడ ముందు కూర్చోబెట్టింది. "సూడే. సూడు," అంది. పిల్లి ఒళ్లు విరుచుకుని తిరిగి పొయ్యి దగ్గరికి పోయింది. అత్తమ్మ ఆ పొద్దంతా పీట ముందే కూర్చుంది. మర్నాడు తలకు నూనె పెట్టుకోలేదు. నాతో మాటలు తగ్గాయి. నేను చేసింది మంచిదే అనుకుంటూనే ఆమె ముఖం చూడలేకపోయేదాన్ని.

ఆ తర్వాత వారం పదిరోజులకు, కుప్ప లేదు, వెనక తలుపు మూసే ఉంది, పిల్లి బయటికి పోలేదు, అయినా వచ్చి గోడ ముందు కూర్చుంది.

కళ్లు నల్లగా. ముందటికన్నా ఎక్కువగా. మూతి పక్క నుంచి చొంగ కారుతోంది. వెనకకాళ్లు జారిపోతున్నాయి. మెల్లగా తల ఎత్తి, ఎత్తి, నేను ఎన్నడూ వినని గొంతుతో అరిచింది. పసిపాప ఏడుపులా ఉంది ఆ అరుపు.

"అచ్చిండు," అని అత్తమ్మ నిట్టూర్చింది.

గొడుగుల సంగతి తెలిసినప్పటి నుంచి నాకు ధైర్యంగా ఉండేది. ఇప్పుడు గొడుగుల్లేవు. అయితే ఇన్నాళ్లూ వచ్చింది నిజంగా ఆయనేనా? ఆ రెండు రోజులు నేను నడిమింట్లో అడుగు పెట్టలేదు. వంటింట్లో నుంచి చుట్టూ తిరిగి వాకిట్లోకి పోయేదాన్ని. నేను ఎప్పుడూ చూడని ఆ మామ ముఖం ఎలా ఉండేదో ఊహించుకోవద్దనుకుంటూనే ఊహించుకునేదాన్ని. ఊహలో కూడా బట్ట కప్పే కనబడేది.

పిల్లి తినే మట్టి చిప్ప కడగబోతే అసలు సంగతి తెలిసింది. అడుగున పాలన్నం అంటుకుని ఉంది. మెతుకుల మధ్య బూడిదరంగు ముక్కలు. అంచులు నీలంగా ఉన్నాయి.

పొద్దున్నే ఆమె కాలువ గట్టు వైపు పోయి రావడం, కొంగు పట్టుకుని రావడం నేను చూశాను. బహిర్భూమికి పోయిందనుకున్నాను. ఆమె చాట దగ్గరికి పోయి బీడీ తునికాకుల కట్ట పైకెత్తాను. కింద గుడ్డలో వరసగా, ఆరబెట్టిన గొడుగులు.

చిప్ప ఆమె ముందు పెట్టాను. "అత్తమ్మా, ఇది నువ్వు ఏసినవా?"

ఆమె ఉలిక్కిపడలేదు. "ఆఁ. ఏసిన."

"ఇవి దిన్నందుకే అది గట్ల జేస్తున్నదని నీకు ఎర్కేనా?"

"మొదటికెల్లి ఎర్కనే. దిన్ననాడే జూస్తది. తిననినాడు జూడది." దారం పళ్లతో తెంపి, బీడీ పక్కన పెట్టి అంది, "ఆయన దినాం వస్తడు బిడ్డా. మన కండ్లు మూసుకున్నయ్. గది దింటే దాని కండ్లు తెరుసుకుంటయ్. గంతే."

నా దగ్గరున్న ఒకే ఒక్క కారణాన్ని ఆమె తీసుకుని తన కారణం చేసుకుంది.

"అది సస్తది అత్తమ్మా. పశువుల డాక్టరు జెప్పిండు. అన్ని గొడుగులు ఒక్క తీరుగ ఉండయట. ఒక్కటి తప్పు పడ్డా అది సస్తది."

ఆమె పిల్లి వైపు చూసింది. పిల్లి మూలన పడి నిద్రపోతోంది. పొట్ట గబగబా ఎగసిపడుతోంది.

"నాకు మొఖం జూపియ్యలే," అంది. "అంతమంది ఉన్నరు. ఒక్కలు బట్ట దియ్యలే."

గొడుగులన్నీ పొయ్యిలో వేశాను. ఆమె అడ్డం రాలేదు. పిల్లిని ఎత్తుకుపోయి పక్కింటి అవ్వకు అప్పగించాను, వానలు పోయేదాకా నీ దగ్గరే ఉంచుకొమ్మని. పిల్లి లేకపోతే ఇది ఆగుతుందనుకున్నాను.

కొన్నాళ్లు ఆగింది. ఒక రోజు మధ్యాహ్నం కాలువ దగ్గర బట్టలు ఉతుక్కుని ఇంటికొచ్చాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసి చూస్తే గుమ్మం దగ్గర చాట ఉంది, ఆమె లేదు. నడిమింట్లోకి తొంగి చూశాను.

అత్తమ్మ గోడకు ఎదురుగా నేల మీద కూర్చుని ఉంది. రెండు చేతులూ ముందు దగ్గరగా ఆనించి. మెల్లగా, చాలా మెల్లగా, తల పైకెత్తుతోంది.

తడి బట్టలు నా చేతిలో నుంచి జారిపోయాయి. "అత్తమ్మా," అన్నాను. ఆమె తిరిగి చూసింది. కళ్లు రెండూ నల్లగా, నిండుగా ఉన్నాయి. నుదుటి మీద చెమట. పక్కన కక్కుకుని ఉంది. నన్ను కిందికీ పైకీ చూసి, "ఎవలు నువ్వు? నీకు మొఖమేది?" అని అడిగింది.

నేను రోడ్డు మీదికి ఎలా ఉరికానో నాకు గుర్తు లేదు. మా ఇంటికి ఎదురుగా చెరకు తోట ఉన్న కోస్తా రైతుల ఇల్లు ఒకటుంది. వాళ్లకు జీపు ఉండేది. ఆ ఇంటి ఆవిడ నా మాట సగం వింటూనే జీపు షెడ్డు వైపు కేకేసింది. వచ్చి అత్తమ్మను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టింది. "అవి ఇంకేవైనా మిగిలాయేమో చూడమ్మా. సంచిలో వేసుకు రా. డాక్టరు గారు అడుగుతారు," అంది. పొయ్యి గట్టు మీద ఒక ముంతలో రెండు మిగిలాయి. దారంతా అత్తమ్మ జీపు పైకప్పును చూస్తూ ఎవరితోనో కాదు, తనలో తానే, "నీళ్లు, నీళ్లు," అంటూ ఉంది.

బోధన్ దవాఖానలో డాక్టరు ఆ గొడుగులు చూసి ఇవి కాక వేరే రకమేమన్నా కలిసిందా అని అడిగాడు. నాకు తెలియదు. సెలైన్ పెట్టారు. సాయంత్రానికి ఆమె నన్ను గుర్తుపట్టింది. మర్నాడు పొద్దున లేచి కూర్చుని చాయ అడిగింది. నర్సు సంతోషపడింది. నేను సంతోషపడలేకపోయాను. మంచిగైనట్టే తిరుగుతది అన్న పశువుల డాక్టరు మాట నా చెవిలోనే ఉంది. ఇక్కడి డాక్టరూ అదే అన్నాడు, ఇంకా కొన్నాళ్లు చూడాలని. లారీ దిగి పరుగెత్తుకొచ్చిన నా భర్త, నేను, పొద్దున్నే ఆమె కంటి రెప్ప లాగి పచ్చబడిందేమోనని చూసేవాళ్లం. ఆమె చూడనిచ్చేది. కళ్లు తెల్లగానే ఉన్నాయి. రక్తం పరీక్ష కూడా మంచిగానే వచ్చింది. ఆ తర్వాతే నాకు తిండి సహించింది.

ఒక మధ్యాహ్నం వార్డులో రద్దీ తగ్గాక, నేను అడగకుండానే ఆమె చెప్పింది.

"పిల్లి జూస్తె నేను జూడనా అనుకున్న. తిన్న. జరసేపటికి ఇల్లంత నీళ్లయినయ్. పీట దేలింది, చెంబు దేలింది. పిల్లి ఉండె. నువ్వు దాన్ని తీస్కపోయినవని యాదికుంది, అయినా ఉండె. అది నన్ను జూస్తలేదు, నా ఎన్కకు జూస్తుంది. ఆయన్నే జూస్తున్నదని తిరిగిన." ఆగింది. "గోడ. గా మరక. గోడ పాణమున్నట్టు ఉబ్బుతుంది, దిగుతుంది. ఆయన లేడు. పిలిసిన. పేరు వెట్టి పిలిసిన బిడ్డా, ఎన్నడు పిల్వలే, పిలిసిన. లేడు. అది గిన్ని దినాలు ఉత్త గోడనే జూసింది."

అప్పుడు ఏడ్చింది. గట్టిగా, వార్డంతా వినబడేటట్టు, శవం ముందు ఏడ్చినట్టు ఏడ్చింది. పక్క మంచాల వాళ్లు లేచి చూశారు. వరండాలో ఉన్న నా భర్త పరుగున వచ్చాడు. ఆమె ఏడుపు ఆపుకుని కొడుకు చెయ్యి పట్టుకుంది.

"నువ్వు జూసినవ్ గద. నీళ్లలకెల్లి తీసినప్పుడు నువ్వు ఉన్నవ్. జెప్పు. ఎట్ల ఉండె?"

ఏడాదికి పైగా ఆమె అతన్ని ఆ మాట అడగలేదు. అతనూ చెప్పలేదు. అతను మంచం అంచున కూర్చున్నాడు.

"మంచిగనే ఉండె అవ్వా," అన్నాడు. "కండ్లు మూసుకొని ఉండె. పండుకున్నట్టే. మీసాలకు నాచు అంటింది. నేనే తుడిసిన, నా రుమాలు తోని."

"తుడిసినవా?"

"తుడిసిన."

ఆమె ఆ చెయ్యి వదలకుండానే పడుకుంది. అతను చెప్పింది నిజమో, తల్లి కోసం చెప్పిందో నాకు తెలియదు. ఇన్నేళ్లలో నేను అడగలేదు.

ఇంటికి వచ్చాక అత్తమ్మ మొదట చేసిన పని పిల్లిని తెప్పించుకోవడం. అవ్వ దాన్ని తెచ్చి గుమ్మంలో దింపింది. పిల్లి లోపలికి వచ్చింది కానీ అత్తమ్మ పిలిస్తే రాలేదు. ఆమె పాలన్నం కలిపి పెడితే దూరంగా కూర్చుని చూసింది, ముట్టలేదు. నేను పెడితే తింది. ఇలా చాలా రోజులు నడిచింది. ఆమె బీడీలు చుడుతూ ఉంటే పిల్లి ఎదురుగా కూర్చుని రెప్ప వేయకుండా ఆమెనే చూసేది. ఇప్పుడు దాని కళ్లలో పచ్చదనం ఉంది, మామూలు పిల్లి కళ్లే. అయినా ఆ చూపు నాకు వెనకటి చూపుకన్నా కష్టంగా ఉండేది.

అత్తమ్మ కోప్పడలేదు. పొద్దూ మాపూ చిప్ప తన ముందు పెట్టుకుని, పిల్లి చూస్తుండగా, అందులోంచి ఒక ముద్ద తాను తినేది. మింగి, చిప్పను ముందుకు జరిపి, "తప్పయింది తల్లీ, తిను," అనేది. పిల్లి లేచి వెళ్లిపోయేది. మర్నాడు మళ్లీ అంతే.

వానలు తగ్గిపోయాయి. చెరకు కోతలు మొదలై, ఊళ్లోకి బండ్లు వచ్చాయి, బట్టీలు అంటుకున్నాయి. మామ మంచాన్ని కొట్టంలో నుంచి తెచ్చి, నవారు బిగించి, అత్తమ్మ దాని మీద పడుకోవడం మొదలుపెట్టింది. ఒక సాయంత్రం నేను దీపం పెట్టి నడిమింట్లోకి వచ్చేసరికి ఆమె మంచం మీద పక్కకు తిరిగి ఉంది. పిల్లి ఆమె పొట్ట దగ్గర ముడుచుకుని గురగురమంటోంది. ఆమె కదలడం లేదు. నన్ను చూసి, కదిలితే అది పోతుందన్నట్టు, కళ్లతోనే ఆగమంది.